యాన్యువల్ డే కాస్ట్యూమ్‌కి 2,200 అడిగారు, మీ పిల్లల స్కూళ్లలో ఎంత?

రెండో_తరగతి_అమ్మ
మా పాప రెండో తరగతి. హైదరాబాద్‌లో మధ్యరకం ప్రైవేటు స్కూలు, పేరు చెప్పను. వచ్చే నెల యాన్యువల్ డే. నిన్న డైరీలో చీటీ అంటించి పంపారు: కాస్ట్యూమ్, మేకప్ కలిపి 2,200, శుక్రవారం లోపు కట్టాలట. ఫొటోలు, వీడియో కావాలంటే ఇంకో 900. ఇంటికి రెండు పాసులే, అమ్మమ్మ తాతయ్య రావాలంటే పాసు కొనుక్కోవాలి. పాట రెండున్నర నిమిషాలు. మా పాప మూడో వరసలో కుడివైపు చివర, ఆ ముక్క తనే ఎంతో సంతోషంగా చెప్పింది. డ్రెస్సు మనకి ఇవ్వరు, ఆ రాత్రే విప్పి అప్పజెప్పాలి. ఇదంతా మామూలేనా? అడిగితే పిల్లని పక్కన పెడతారేమోనని భయం, అడక్కపోతే కడుపుమంట.

కొత్తపేట_నాన్న
మాకు 1,800. ఇద్దరు పిల్లలు, 3,600. ఒకే ఇంట్లో ఇద్దరు కదా, ఏమైనా తగ్గుతుందా అని అడిగితే ఆఫీసులో క్లర్కు నవ్వి ఊరుకున్నాడు.

మూడో_బెంచి
ఫీజు లక్ష కట్టేటప్పుడు నోరు మెదపలేదు, 2,200 దగ్గర లేచిందా ఆవేశం?

రెండో_తరగతి_అమ్మ
@మూడో_బెంచి లక్షకి రసీదు ఇచ్చారు. దేనికెంతో అందులో ఉంది. దీనికి రసీదు లేదు, క్లాస్ టీచర్ దగ్గరున్న నోటుబుక్కులో పాప పేరు పక్కన టిక్కు పెడతారు, అంతే.

అద్దె_కిరీటం
విజయవాడలో డ్రెస్సులు అద్దెకిచ్చే షాపు నాది. లెక్క నేను చెప్తాను. పిల్లల సైజు జానపదం సెట్టు, అంటే లంగా, జాకెట్టు, ఓణీ, వడ్డాణం, జడకుచ్చులు అన్నీ కలిపి రోజుకి 250 నుంచి 400. కూచిపూడి పూర్తి సెట్టు నగలతో 700 దాకా. సినిమా పాటకి ఆ హీరోయిన్ వేసుకున్నదే కావాలి అంటే కొత్తగా కుట్టించాలి, అప్పుడు వెయ్యి దాటుతుంది. మేకప్ ఆవిడకి తలకి 80, 100. మీరు కట్టే 2,200లో మాలాంటి వాళ్లకి వచ్చేది ఇదీ. మిగతాది స్టేజీ, ఎల్‌ఈడీ గోడ, సౌండు, పొగ మిషను. అవన్నీ కాస్ట్యూమ్ పేరు మీద వేసేస్తారు, ఎందుకంటే "ఎల్‌ఈడీ గోడకి డబ్బులివ్వండి" అంటే ఏ తల్లీ ఇవ్వదు.

మాకూ తిప్పలు తక్కువేం కాదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకానే బేరాలు. తిరిగొచ్చిన వాటిలో సగానికి హుక్కులుండవు. పోయినేడు ఒక నెమలి డ్రెస్సు తోక లేకుండా వచ్చింది. తోకేది సార్ అంటే, పిల్లాడు ఇవ్వనంటున్నాడు, ఏడుస్తున్నాడు అన్నారు.

ముగ్గుపిండి
నెమలి పిల్లాడికి నా పూర్తి మద్దతు.

వెనక_వరస
నేను ఎల్‌కేజీ నుంచి పదో తరగతి దాకా చెట్టు వేషమే. అద్దె కూడా పడేది కాదు, ఆకులు మా పెరట్లోవే.

చాక్‌పీస్
ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఇక్కడ అందరూ స్కూలు, స్కూలు అంటున్నారు కాబట్టి లోపల ఎలా జరుగుతుందో చెప్తాను.

నవంబరులో మీటింగ్ పెడతారు. క్లాసుకో ఐటెం. నా క్లాసులో 38 మంది, స్టేజీ మీద పట్టేది 24 మంది. ఎవరిని వదిలేయాలి? డబ్బు కట్టని వాళ్లు వాళ్లంతట వాళ్లే తగ్గిపోతారు, అలా సమస్య "పరిష్కారం" అవుతుంది. ముందు వరసలో ఎవరుండాలో ఒకటి రెండు పేర్లు పైనుంచి వస్తాయి. మిగతాది ఎత్తును బట్టి, ఒక్కోసారి రంగును బట్టి కూడా. నా ముందే ఆ మాట అన్నారు, "లైటింగులో కనపడాలి కదా మేడమ్" అని. డబ్బు వసూలు మా నెత్తినే. శుక్రవారం దాటితే ఆఫీసు వాళ్లు స్టాఫ్‌రూములో పేర్లు చదువుతారు.

రెండేళ్ల కిందట మా క్లాసులో ఒక బాబు. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. పేరు ఇవ్వమంటే "నాకు కాలు నొప్పి మిస్" అన్నాడు. సరే అన్నాను. రిహార్సల్‌కి అందరూ కిందికి వెళ్తే పాల్గొనని వాళ్లు క్లాసులో కూర్చుని కాపీరైటింగ్ రాసుకోవాలి. ఒకరోజు ఫైలు మర్చిపోయి పైకొచ్చాను. కింద గ్రౌండ్‌లో పాట వినపడుతోంది, వీడు బెంచీల మధ్య నిలబడి మొత్తం పాటకి స్టెప్పులు వేస్తున్నాడు. ఒక్క అడుగు తప్పలేదు. గ్రూపులో ముగ్గురు పిల్లలకి అప్పటికింకా రెండో చరణం రానేలేదు.

కొత్తపేట_నాన్న
@చాక్‌పీస్ తర్వాత ఏం చేశారు మేడమ్?

చాక్‌పీస్
డ్రెస్సు డబ్బులు స్టాఫ్‌లో నలుగురం వేసుకున్నాం. వాడికి చెప్పలేదు, స్కూలు ఇచ్చింది అనుకున్నాడు. పాపం స్కూలుకి మంచిపేరు వచ్చింది.

మూడో_బెంచి
సరే, ఆ పిల్లాడి సంగతి వేరు. కానీ అందరికీ సమానం అంటే ఎలా? బాగా ఆడేవాళ్లని ముందు పెడతారు. క్రికెట్ టీములో అయితే ఒప్పుకుంటారుగా?

గజ్జెల_మాస్టారు
@మూడో_బెంచి బాగా ఆడేవాళ్లని ముందు పెట్టే అధికారం నాకుంటే మీ మాట ఒప్పుకుందును. నేను స్కూళ్లకి డాన్సు నేర్పిస్తాను. ఐటెంకి 3,500 ఇస్తారు, మూడు వారాల రిహార్సల్. దాంట్లో పిల్లలు గ్రౌండ్‌కి వచ్చి, చెప్పులు విప్పి, వరసలో నిలబడేసరికి పీరియడ్ సగం అయిపోతుంది. వారం ముందు కరస్పాండెంట్ గారు వచ్చి చూసి, వరసలు మార్చి వెళ్తారు. ఎవరు ఎవరి మనవరాలో నాకేం తెలుసు?

దీనికి తోడు క్లాసికల్ ఒకటి ఉండాలి అంటారు. గెస్టు దీపం వెలిగించాక మొదటి ఐటెం అదే, మూడు నిమిషాలు మించకూడదు. నేను కూచిపూడి పన్నెండేళ్లు నేర్చుకున్నాను. ఒక ప్రిన్సిపాల్ గారు ఐదో తరగతి పిల్లల్ని చూపించి "తరంగం చేయించండి, ఇత్తడి పళ్లెం మీద నిలబడతారే, అది" అన్నారు. గడువు రెండు వారాలు. అడవు, అంటే నాట్యంలో మొదట నేర్చుకునే అడుగులు కూడా సరిగా రాని పిల్లని పళ్లెం అంచుల మీద నిలబెట్టి నడిపిస్తే మడమ మడత పడుతుంది సార్ అంటే, పళ్లేలు కొనేశామే అన్నారు. ఆఖరికి పళ్లేల్లో పూలు పోసి పిల్లల చేతికిచ్చాను.

ఇప్పుడు తెలంగాణ వైపు స్కూళ్లలో పేరిణి అడుగుతున్నారు. మంచిదే. నటరాజ రామకృష్ణ గారు కాకతీయుల కాలంనాటి జాయప సేనాని రాసిన నాట్యగ్రంథం నృత్తరత్నావళి చదివి, రామప్ప గుడి శిల్పాలు చూసి, ఎన్నో ఏళ్లు కష్టపడి మళ్లీ నిలబెట్టిన నాట్యం అది. వీళ్లకి కావాల్సింది మాత్రం పొగ, డప్పు, "హర హర" అని ఒక అరుపు.

అద్దె_కిరీటం
పేరిణి డ్రెస్సులకి గిరాకీ నిజమే. ఆ పళ్లేలు ఎవరి దగ్గర కొన్నారో, మాకు చెప్తే అద్దెకిచ్చేవాళ్లం.

వాదన_వద్దు
అసలు సంగతి వదిలేసి వరసల గురించి కొట్టుకుంటున్నారు. సీబీఎస్ఈ 2019లో సర్క్యులర్ ఇచ్చింది: ఒకటి నుంచి పన్నెండు దాకా ప్రతి క్లాసుకి వారానికి కనీసం రెండు పీరియడ్లు కళలకి ఇవ్వాలని. సంగీతం, నాట్యం, బొమ్మలు, నాటకం ఏదైనా. ఏడాది పొడవునా ఆ రెండు పీరియడ్లు జరిగితే డిసెంబరులో ఈ హడావిడి ఎందుకు? మావాడి టైమ్‌టేబుల్లో బుధవారం "ఆర్ట్" అని ఉంది. ఆ పీరియడ్‌కి లెక్కల సారు వస్తాడు.

మూడో_బెంచి
లెక్కలు కూడా కళే.

వాదన_వద్దు
నీ మార్కులు చూస్తే నైరూప్య కళ అనిపిస్తుంది.

దేవరకొండ_దారి
జానపదం మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మా మేనకోడలి స్కూల్లో ఐదో తరగతికి లంబాడీ డాన్స్ ఇచ్చారు. డ్రెస్సులు అద్దెవి, అద్దాల బదులు మెరిసే ప్లాస్టిక్ బిళ్లలు. పాట సినిమాది. అదే క్లాసుల మా పక్క తండా పిల్ల ఒకతి ఉంది. ఆ పిల్లను గ్రూపులకు తీసుకోలే, పొట్టిగా ఉందట. ఆ పిల్ల నాయనమ్మ ఇప్పటికీ పండుగలకు అద్దాలు, నాణేలు కుట్టిన బట్టలే కడుతది. తీజ్‌కు తొమ్మిది రోజులు బుట్టల్ల గోధుమ నారు పెంచి, దాని చుట్టూ ఆడపిల్లలు ఆడి పాడుతరు. ఆ పాటలు ఆమెకు నోటికి వస్తయి. స్కూలు నుంచి ఆమె ఇల్లు ఎంత దూరమో తెలుసా? స్కూలు బస్సు రోజూ ఆ ఇంటి ముందే ఆగుతది.

ముగ్గుపిండి
@దేవరకొండ_దారి ఎవరూ అడగలేదా ఆవిడని?

దేవరకొండ_దారి
మా అక్క పోయి అడిగింది మిస్‌ను. "కొరియోగ్రాఫర్ ఆల్రెడీ సెట్ చేసిండు మేడమ్" అన్నరట. ఫంక్షన్ నాడు ఆ నాయనమ్మ కూడా వచ్చింది, పాసు కొనుక్కొని. ఐటెం అయినంక "మంచిగ ఎగిరిన్రు పిల్లలు" అన్నది. ఇంకేం అనలే.

మూడో_బెంచి
నేను చెప్తే విలన్‌లా చూస్తారు కానీ, పిల్లలకి సినిమా పాటంటేనే హుషారు. ఎనిమిదేళ్ల వాళ్లు వాళ్ల ఇష్టంతో ఆడేది ఏడాదికి ఒక్కరోజు. ఆ రోజు కూడా సంస్కృతి, సంప్రదాయం అని మనం చిన్నప్పుడు చూసినవి వాళ్లతో ఆడించాలా? మీరు తప్పెటగుళ్లు ఫోన్‌లో ఎన్నిసార్లు చూశారు నిజం చెప్పండి.

బొబ్బిలి_కోట
@మూడో_బెంచి తప్పెటగుళ్లు అన్నావు కాబట్టి వచ్చాను. మా బొబ్బిలి దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో నిరుడు ఎనిమిదో తరగతి కుర్రాళ్ల చేత వేయించారు. నేర్పింది డాన్సు మాస్టారు కాదు, ఊళ్లో తప్పెటగుళ్లు కట్టే పెద్దాయన. రేకుతో చేసిన గుండ్రటి తప్పెట గుండెకి కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ, కాళ్లకి గజ్జెలతో గుండ్రంగా తిరుగుతూ ఆడాలి. మొదటి రోజు కుర్రాళ్లు నవ్వారు. రెండు రోజులకి ఛాతీ నొప్పి అన్నారు. పది రోజులకి ఇంటర్వెల్‌లో బెంచీలన్నీ తప్పెటలే, సైన్సు మేడమ్ వచ్చి కంప్లైంట్ చేసింది. ఫంక్షన్ రోజు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి వాయిస్తుంటే జనం లేచి నిలబడ్డారు. ఆ రోజు సినిమా పాటలూ ఉన్నాయి, వాటికీ ఈలలు పడ్డాయి. నేను సినిమా పాట వద్దు అనడం లేదు. ఒకటి చూపించకుండా పిల్లలకి ఇష్టం లేదు అని మనమే తేల్చేయడం ఏంటి?

మూడో_బెంచి
అది బాగుంది. ఛాతీ నొప్పి తప్ప.

సీమ_సెనక్కాయ
మా అనంతపురం పక్క చెక్కభజన. ఊరికి ఒక గురువు ఉంటాడు, రామాలయం ముందర సాయంత్రం పూట నేర్పిస్తాడు. చెక్కలు ఒకసారి కొంటే పదేండ్లు వస్తాయి, పంచె ఇంట్లో ఉంటాది, తలగుడ్డ ఇంట్లో ఉంటాది. అద్దె అనే మాటే లేదు. మా స్కూల్లో తోలుబొమ్మలు కూడా ఆడించినారు ఒకసారి, నిమ్మలకుంట నుంచి బొమ్మలాడించే ఆయప్పను పిలిపించి. పిల్లోళ్లు ఆట చూసేది ఇడిసిపెట్టి తెర ఎనక్కి పోయి కూచున్నారు, బొమ్మ చెయ్యి ఎట్లా కదులుతాదో చూడను. ఆయప్ప తరిమేయకుండా ఒక్కొక్కరి చేతికీ హనుమంతుణ్ణి ఇచ్చినాడు.

వెనక_వరస
నాకు చెట్టు ఇచ్చారు. హనుమంతుణ్ణి ఎవరూ ఇవ్వలేదు.

చిన్నబడి_కరస్పాండెంట్
గోదావరి జిల్లాలో చిన్న స్కూలు నడుపుతున్నాను, 400 మంది పిల్లలు. పొద్దున్నుంచీ చదువుతున్నాను, మమ్మల్ని దొంగలని చేసేశారు. నా వైపు కూడా వినండి.

ఫీజులు సగం ఏప్రిల్‌కి గానీ రావు. యాన్యువల్ డే చేయకపోతే ఏమవుతుందో తెలుసా? పక్క స్కూలు వాళ్లు ఎల్‌ఈడీ గోడ పెట్టి, పిల్లల ఫొటోలతో ఊరంతా ఫ్లెక్సీలు కడతారు. జూన్‌లో మా నర్సరీ అడ్మిషన్లు పడిపోతాయి. ఇది నా పాలిట పబ్లిసిటీ ఖర్చు, దాచేదేముంది. తల్లిదండ్రులు కూడా మీటింగ్‌లో "ఖర్చు తగ్గించండి" అంటారు, మర్నాడు వాళ్లే వచ్చి "ఆ స్కూల్లో డ్రోన్ పెట్టారండీ, మనం పెట్టలేదా" అంటారు. ఇద్దరూ ఒకే మనిషి!

పోయినేడు మావి ఖర్చులు: షామియానా, స్టేజీ, కుర్చీలు 42,000. సౌండు, లైట్లు 35,000. డ్రెస్సులు 51,000. భోజనాలు, జ్ఞాపికలు, శాలువాలు 28,000. పిల్లల దగ్గర వసూలైంది 96,000. మిగతాది నా జేబులోంచి పెట్టుకున్నాను.

రెండో_తరగతి_అమ్మ
@చిన్నబడి_కరస్పాండెంట్ మీరిప్పుడు రాసినట్టు మా స్కూలు ఒక కాగితం మీద రాసి ఇస్తే నేను ఈ చర్చే మొదలుపెట్టేదాన్ని కాదండీ. నా గొడవ 2,200 గురించి సగం, చెప్పకుండా తీసుకోవడం గురించి సగం.

వాదన_వద్దు
శాలువాలు, జ్ఞాపికలు అంటే గుర్తొచ్చింది. ఈ ముఖ్య అతిథుల సంగతి ఎవరూ ఎత్తలేదేం?

కొత్తపేట_నాన్న
అమ్మో. మాకు నిరుడు 5 గంటలకని కార్డు. పిల్లల్ని 3కే దింపమన్నారు. గెస్టు వచ్చింది 7:15కి. ఆయన మాట్లాడింది ముప్పావు గంట, అందులో పిల్లల గురించి చివరి రెండు నిమిషాలు. మా చిన్నోడి ఐటెం వచ్చేసరికి తొమ్మిదిన్నర. సింహం వేషం. స్టేజీ పక్కన కుర్చీలో సింహం నోరు తెరిచి నిద్రపోతోంది. లేపి తోస్తే వెళ్లి ఆడాడు, కళ్లు తెరవలేదు. వీడియోలో చూస్తే గర్జన బదులు ఆవలింత ఉంది.

ముగ్గుపిండి
😂😂 ఇంతకంటే నిజమైన సింహం ఉండదు.

చాక్‌పీస్
ఆ స్టేజీ వెనక మాకు ఇంకో యుద్ధం. నలభై మందికి ఒకే లిప్‌స్టిక్. ఒక పిల్లకి జ్వరం అంటే వారానికి సగం క్లాసుకి జ్వరం. జిప్పులున్న డ్రెస్సు వేసిన పిల్లలు బాత్రూమ్‌కి పోవాలంటే ఆయమ్మ ఒక్కతే. పిన్నీసులు నా నోట్లో పెట్టుకుని "యా యా, వస్తున్నా" అంటూ పరిగెత్తడమే. డబ్బు కట్టేవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఒకటి చెప్తాను: పిల్లలకి తిండి ఎన్నింటికి పెడతారు? మా దగ్గర సమోసా, జ్యూసు ప్యాకెట్టు నాలుగింటికి ఇచ్చి మళ్లీ పదింటి దాకా ఏమీ ఉండదు.

సన్నజాజి_తీగ
నాది పిల్లల బాధ కాదు, పొరుగు బాధ. మా ఇంటి వెనకే స్కూలు గ్రౌండ్. ఆ రోజు రాత్రి 11 దాటినా బాక్సులు ఆగవు, మా మామగారికి గుండె ఆపరేషన్ అయి ఇంట్లో ఉన్నారు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకు పెట్టకూడదు. కొన్ని పండుగ రోజులకి సర్కారు ప్రత్యేకంగా అనుమతిస్తే అర్ధరాత్రి దాకా. అదే నిబంధనల్లో స్కూళ్ల చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటించొచ్చని ఉంది. ఆ స్కూలు గోడ మీద "హారన్ మోగించరాదు" అని బోర్డు కూడా ఉంది!

మూడో_బెంచి
హారన్ మోగించలేదుగా, డీజే పెట్టారు.

ప్లానో_పిన్ని
టెక్సస్‌లో ఉంటాం. ఇక్కడ శనాదివారాల తెలుగు బడి వార్షికోత్సవానికి మేమే అన్నీ చూసుకుంటాం. డ్రెస్సులు ఎవరైనా ఇండియా వెళ్తే సూట్‌కేసులో తెప్పించుకుంటాం, పోయినసారి మా సూట్‌కేసు నిండా కోలాటం కర్రలే, ఎయిర్‌పోర్టులో తీసి చూసి ఇవేంటని అడిగారు. ఇక్కడ డబ్బు గొడవ లేదు గానీ ముందు వరస గొడవ ఇక్కడా ఉంది అమ్మా. అమ్మలు వాట్సాప్‌లో రెండు పార్టీలు అయిపోయారు. ఆఖరికి మా పద్ధతి: ప్రతి పల్లవికీ వరసలు మారాలి, వెనకవాళ్లు ముందుకి, ముందువాళ్లు వెనక్కి. అందరి ఫోన్లలోనూ అందరి పిల్లలూ పడతారు.

గజ్జెల_మాస్టారు
@ప్లానో_పిన్ని ఇది బాగుందండీ. వరసలు మార్చడం కొరియోగ్రఫీలో చాలా తేలిక, అందంగా కూడా ఉంటుంది. ఈసారి చెప్పి చూస్తాను. ఎవరి మనవరాలైనా పల్లవికోసారి ముందుకి వస్తుంది కదా.

కొత్తపేట_నాన్న
ఫొటోలు వీడియోల గురించి ఒక డౌటు. 900 కట్టి వీడియో తీసుకున్నాం. యూట్యూబులో పెడితే మావాడి డాన్స్‌కి మొత్తం సౌండు పోయింది. మూగ సినిమా. స్కూలుని అడగొచ్చా?

వాదన_వద్దు
స్కూలు తప్పు కాదది. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది: స్కూల్లో విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు ఇలాంటి వాళ్లే ప్రేక్షకులైతే పాట వేసుకోవచ్చు. మీరు దాన్ని లోకమంతా చూసేలా యూట్యూబులో పెడితే ఆ మినహాయింపు వర్తించదు. యూట్యూబు సాఫ్ట్‌వేర్ పాటని గుర్తుపట్టి సౌండు నొక్కేస్తుంది. ఇంట్లో టీవీకి పెట్టుకుని చూడండి.

బొబ్బిలి_కోట
మా తప్పెటగుళ్ల వీడియోకి సౌండు పోలేదు. చెప్పానంతే.

ముగ్గుపిండి
యాన్యువల్ డే ఒక్కటే కాదు, ఈ మధ్య పండుగలన్నీ స్కూళ్లలో పెడుతున్నారు. బతుకమ్మకి మా పాప స్కూల్లో "ఒక్కొక్కరు ఒక్కో బతుకమ్మ తేవాలి, బెస్ట్ బతుకమ్మకి ప్రైజు" అన్నారు. సిటీలో గునుగు పూలు, తంగేడు ఎక్కడ దొరుకుతాయి? బజార్లో 600కి పేర్చినది కొన్నారు కొందరు, ఒకావిడ థర్మోకోల్‌తో చేయించింది, ఆవిడకే ప్రైజు. బతుకమ్మకి పోటీ ఏంటండీ, ఎవరింటి పూలు వాళ్లు తెచ్చి ఒకచోట పెట్టి అందరూ కలిసి చుట్టూ ఆడేది కదా.

దేవరకొండ_దారి
తంగేడు కావాలంటే మా దిక్కు రండ్రి. రోడ్డు పక్కన ఎంత కావాలంటే అంత.

చాక్‌పీస్
@ముగ్గుపిండి మా దగ్గర సంక్రాంతికి మాత్రం మంచి పని చేశారు. గంగిరెద్దుల వాళ్లని పిలిచి సన్నాయి వాయించమన్నారు, డబ్బులు సరిగ్గా ఇచ్చారు, మధ్యాహ్నం భోజనం పెట్టారు. ఒకటో తరగతి పిల్లలు ఎద్దుకి వాళ్ల టిఫిన్ బాక్సులో బిస్కెట్లన్నీ పెట్టేశారు. ఎద్దు వెళ్లనని మొరాయించింది.

రెండో_తరగతి_అమ్మ
ఇవాళ జరిగింది చెప్తాను. ఒక్కదాన్నే వెళ్తే తేడాగా చూస్తారని, వాట్సాప్‌లో అడిగి ఆరుగురం అమ్మలం కలిసి వెళ్లాం. గొడవ పెట్టలేదు, దేనికెంతో రాసి ఇవ్వండి అన్నాం అంతే. వైస్ ప్రిన్సిపాల్ ముందు కాస్త గట్టిగా మాట్లాడారు, తర్వాత మెత్తబడ్డారు. రసీదులు ఇస్తామన్నారు. ఫొటోలు వద్దంటే వద్దని ఒప్పుకున్నారు. పాసులు ఇంటికి నాలుగు ఉచితం. 2,200లో రూపాయి తగ్గలేదు. కట్టలేని వాళ్లుంటే ఏంటి అని నేను అడిగాను, "మాకు చెప్తే చూస్తాం" అన్నారు. ఎవరు చెప్తారు వెళ్లి? అదొక్కటి మింగుడు పడలేదు. వరసల మార్పు గురించి కూడా చెప్పాను, రాసుకున్నారు.

మూడో_బెంచి
నాలుగు పాసులు సాధించారంటే మామూలు విషయం కాదు. అభినందనలు.

చిన్నబడి_కరస్పాండెంట్
కట్టలేని వాళ్ల గురించి: మేం ఒక పద్ధతి పెట్టాం. డబ్బు టీచర్లు వసూలు చేయరు, ఆఫీసులో కట్టాలి, ఎవరు కట్టారో టీచర్‌కి తెలియదు. డ్రెస్సు మాత్రం అందరి పేరు మీదా తెస్తాం. పదిమంది దాకా కట్టరు, పోనీలే అనుకుంటాం.

ఇంకోటి, ఈ చర్చ చదివాక ఈసారి ఒక ఐటెం మారుద్దామనుకుంటున్నాను. బుర్రకథ పెడితే ఎలా ఉంటుంది? ముగ్గురే మనుషులు కదా, అందరికీ అవకాశం రాదేమో.

చాక్‌పీస్
@చిన్నబడి_కరస్పాండెంట్ పెట్టండి సార్, మేం చేశాం. కథని నాలుగు భాగాలు చేస్తే నాలుగు జట్లు, పన్నెండు మంది. కథ రాయడానికి, అట్టలు చేయడానికి ఇంకో పదిమంది. మా పిల్లలు అల్లూరి సీతారామరాజు కథ చెప్పారు. తొమ్మిదో తరగతి అమ్మాయి కథకురాలు. రెండు నెలలు నేర్చుకుంది, తంబుర భుజాన వేసుకుని, వేలికి అందె, అంటే తాళానికి మోగే ఉంగరం పెట్టుకుని, పాట ఆపకుండా అడుగులు వేయడం చాలా కష్టం. ట్రాకు పాట ఉండదు, గొంతు సొంతంగా రావాలి.

గజ్జెల_మాస్టారు
గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గారి పాత రికార్డింగులు వినిపించండి పిల్లలకి. 1986లో పద్మశ్రీ వచ్చింది ఆయనకి. 1940ల్లో ప్రజానాట్యమండలితో ఊరూరా తిరిగి బుర్రకథని జనంలోకి తీసుకెళ్లిన మనిషి. గొంతు ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ మాటలోకి దిగాలో ఆయన్ని వింటే తెలుస్తుంది. పక్కవాళ్లు వాయించే చిన్న డోళ్లు, డక్కీలు, ప్లాస్టిక్‌వి కొనకండి, చప్పుడు డబ్బా కొట్టినట్టు ఉంటుంది.

చిన్నబడి_కరస్పాండెంట్
@గజ్జెల_మాస్టారు డక్కీలు ఎక్కడ దొరుకుతాయి? అద్దెకి ఉంటే మేలు.

అద్దె_కిరీటం
నా దగ్గర రెండు జతలున్నాయి, ఇత్తడివి. తంబుర ఒకటి, అంగరఖాలు, తలపాగాలు, నడికట్లు పిల్లల సైజులో ఆరు సెట్లు. మెసేజ్ చేయండి. ఫిబ్రవరి రెండో వారం మాత్రం ఖాళీ లేదు.

చిన్నబడి_కరస్పాండెంట్
జనవరి చివర్లో మాది. మెసేజ్ పెట్టాను.

మూడో_బెంచి
బుర్రకథలో కథకుడి పక్కన వంత పాడే ఇద్దరిలో ఒక వంత హాస్యం చెప్తాడు, ఇంకో వంత రాజకీయం చెప్తాడు కదా. ఆ రాజకీయ వంత చేత ముఖ్య అతిథి ముందు డ్రెస్సుల ఖర్చు చదివించండి సార్.

చిన్నబడి_కరస్పాండెంట్
ముఖ్య అతిథి మా మావగారండీ.

వెనక_వరస
హాస్య వంత ఖాళీ ఉంటే చెప్పండి. వయసు కొంచెం ఎక్కువే గానీ చెట్టుగా పన్నెండేళ్లు నిలబడ్డ అనుభవం ఉంది.